నెప్ట్యూన్ పాఠానికి ఒక నిమ్మకాయ

చి. పాపకు పెద్దనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం ఆరో తరగతికి నెప్ట్యూన్ గురించి చెప్పాలని, పిల్లలు గ్రహాల పేర్లు అప్పజెబుతున్నారే గానీ మనసు పెట్టడం లేదని ఫోన్లో బాధపడ్డావు. ఫోన్లో మాట మాటల్లోనే పోతుందని ఇలా రాస్తున్నాను.

నేనూ కొత్తలో చార్టు తగిలించి, "సూర్యుడి నుంచి 450 కోట్ల కిలోమీటర్లు" అని వల్లె వేయించాను. పరీక్షలో అందరూ సరిగ్గా రాశారు. ఆ తర్వాత వెనక బెంచీ పిల్లాడు ఒకడు లేచి, "సార్, అది మద్రాసు కంటే దూరమా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి తెలిసిన దూరాల్లో పెద్దది మద్రాసే. నేను వాడి చేతికి ఒక అంకె ఇచ్చి, పాఠం అయిపోయిందనుకున్నాను.

అందుకే ముందు నడిపించు. బడి గోడ మీద సుద్దముక్కతో మీటరు వెడల్పు సూర్యుణ్ణి గీయించు. ఆ లెక్కన మన భూమి ఒక శనగగింజ. దాన్ని గోడకు 107 మీటర్ల దూరంలో పెట్టాలి. గురుడు పెద్ద బత్తాయి అంత, అర కిలోమీటరు దాటాక వస్తాడు. శని దగ్గరికి కిలోమీటరు, యురేనస్ దగ్గరికి రెండు. నెప్ట్యూన్ 3.2 కిలోమీటర్ల అవతల, చిన్న నిమ్మకాయంత. పొదలకూరు నిమ్మకాయలు మీ సంతకు వస్తే, అడ్డంగా మూడున్నర సెంటీమీటర్లున్న కాయ ఏరుకో.

హైవే వైపు వద్దే వద్దు, కాలవ కట్ట మీద తీసుకెళ్లు. హెడ్‌మాస్టరు గారికి ముందే చెప్పు. పొద్దున్నే బయల్దేరండి, మన ఎండలు నీకు తెలియనివి కావు. ప్రతి పిల్ల దగ్గరా నీళ్ల సీసా ఉండాలి.

అంగారకుడి దాకా రెండు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలు గెంతుకుంటూ వస్తారు. శని దాటాక ఇక ఏమీ ఉండదు, నడవడమే. "ఇంకా ఎంత దూరం టీచర్?" అని మొదలుపెడతారు. పాపం అని అప్పుడు కథలు చెప్పి మరిపించకు. ఆ విసుగు వాళ్ల కాళ్లకు తెలియాలి. నేను మొదటిసారి నడిపించినప్పుడు నిమ్మకాయ ఒక సన్నటి పిల్ల మోసింది. దారంతా గుప్పిట విప్పలేదు. చివర్న ఒక రాయి మీద పెట్టి వెనక్కి తిరిగి చూసింది. బడి లేదు, నీళ్ల ట్యాంకు తల ఒక్కటే కనిపిస్తోంది. "ఇక్కడ బాగా చలేస్తుంది కదా సార్" అంది, చెమట తుడుచుకుంటూ. సూర్యుడి వెలుగు అక్కడికి మనకొచ్చే దాంట్లో దాదాపు 900వ వంతే చేరుతుందని, మబ్బుల దగ్గర చలి సున్నాకు 200 డిగ్రీలు కిందకు ఉంటుందని అప్పుడు చెప్పాను. మళ్లీ వల్లె వేయించే పని పడలేదు.

తిరిగొచ్చాక, దాన్ని ఎలా కనిపెట్టారో చెప్పు. మీ పిల్లలు చెరువులో గాలం వేసినవాళ్లే కదా. బెండు ఊగితే, చేప కనిపించకపోయినా కింద ఏదో లాగుతోందని వాళ్లకు తెలుసు. యురేనస్ అలా ఊగింది. లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండటం లేదు. ఫ్రాన్సులో లెవెర్యే, ఇంగ్లండులో ఆడమ్స్ అనే ఇద్దరు లెక్కల పండితులు ఎవరికి వారు కూర్చుని, దాన్ని లాగుతున్నది ఎక్కడుందో కాగితం మీద లెక్క కట్టారు. లెవెర్యే ఉత్తరం అందిన రాత్రే, 1846 సెప్టెంబరు 23న, బెర్లిన్‌లో గాలే అనే ఖగోళ శాస్త్రవేత్త దూరదర్శినిలో దాన్ని పట్టుకున్నాడు. చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపే ఉంది. డిగ్రీ అంటే ఎంతని అడిగితే, చెయ్యి చాపి చిటికెన వేలు ఎత్తి చూడమను. ఆకాశంలో ఆ వేలు కప్పినంత.

గుళ్లో నవగ్రహాల్లో ఇది లేదేమని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మన పెద్దలు కంటితో చూసి ఆకాశాన్ని చదివారని, నెప్ట్యూన్ ఉత్త కంటికి అందదని చెప్పు. ఇంటి నమ్మకం గురించి చులకనగా ఒక్క మాట కూడా జారకు. పిల్ల నొచ్చుకుంటే ఆ రోజుకు నీ పాఠం వినదు.

మీ చార్టులో అది ముదురు నీలంగా ఉంటే దిద్దించు. వాయేజర్-2 అనే అంతరిక్ష నౌక పంపిన ఫొటోల్లో మబ్బులు బాగా కనబడాలని రంగు పెంచారు. అసలు రంగు కాస్త పచ్చదనం కలిసిన లేత నీలమని 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. ఆ వాయేజర్ 1977 ఆగస్టులో బయల్దేరి 1989 ఆగస్టులో నెప్ట్యూన్‌ను చేరింది. శ్రీహరికోట రాకెట్ల కోసం మిద్దెలెక్కే పిల్లలు కదా, ఇలా చెప్పు: "నువ్వు పుట్టిన రోజున బయల్దేరి ఉంటే ఇప్పుడిప్పుడే చేరేది." ఆరో తరగతి పిల్లలకు ఈ మాట సూటిగా తగులుతుంది.

నెప్ట్యూన్ సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దాదాపు 165 ఏళ్లు. కనిపెట్టాక మొదటి చుట్టు ఎప్పుడు పూర్తయిందో, రెండోది ఎప్పుడో బోర్డు మీద వాళ్లనే వేయనివ్వు. 2011, 2176 అని వస్తుంది. రెండో అంకె చూసి కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ కాసేపూ నువ్వూ మాట్లాడకు.

నడిచే రోజు ఖాయం కాగానే చెప్పు. ఒంగోల్లో పొద్దున బండెక్కి కావలిలో దిగుతాను. వెనకబడే పిల్లలతో నేను నడుస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న