నల్లటి అద్దాలు పెట్టుకుంటే కళ్ళకి ఎండ తగలనట్టేనా?

ప్రశ్న: రోజూ ఏడెనిమిది గంటలు ఎండలో బండి మీద తిరిగే పని. కూలింగ్ గ్లాసెస్ బాగా నల్లగా ఉంటే చాలా, యూవీ అని రాసి ఉన్నవే కొనాలా? అసలు ఎండకి చూపు పోతుందా? మా తమ్ముడిదీ ఇదే పని. (అమ్మకి నీటికాసులు, అదే గ్లకోమా, ఉన్నాయి, చుక్కలు వేసుకుంటుంది. అది వయసుతో వచ్చిందిలెండి.)

జవాబు:

నేను డాక్టర్ని కాను. ఇరవయ్యేళ్ళుగా భూమి సర్వే పనిలో ఉన్నవాణ్ణి, అంటే నాదీ ఎండ ఉద్యోగమే. అద్దాల సంగతి అడిగారు కాబట్టి ముందు అదే చెప్తాను. కానీ ఇంత పొడుగు జవాబు రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం మీరు చివర్లో బ్రాకెట్లో పెట్టి వదిలేసిన మాట. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నాలుగేళ్ళ కిందట ఒకరోజు టోటల్ స్టేషన్‌కి, అంటే మేం సర్వే కొలతలు తీసే మిషన్‌కి, కన్ను ఆనిస్తే లోపల ఉండే క్రాస్ హెయిర్ గీతలు సరిగ్గా కనపడలేదు. నిలువు గీతని పదును చేస్తే అడ్డగీత మసకబారుతోంది. అడ్డగీతని సరిచేస్తే నిలువుది చెదిరిపోతోంది. మిషన్ పాడైందనుకున్నాను. నాతో ఉన్న కుర్రాడు చూసి, "బాగానే ఉంది కదా సార్" అన్నాడు. అప్పుడు తట్టి ఎడమ కంటితో చూశాను. రెండు గీతలూ వెంట్రుకల్లా స్పష్టంగా ఉన్నాయి. పాడైంది మిషన్ కాదు, నా కుడికన్ను.

కంట్లో కండ పెరిగిందన్నారు డాక్టరుగారు. టెరిజియం అంటారు. ముక్కు వైపు తెల్లగుడ్డు మీద మొదలై, రెక్కలా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అద్దంలో ఆ ఎర్రటి పొర నాకు కనిపిస్తూనే ఉండేది. దుమ్ముకి కన్ను ఎర్రబడింది అనుకుని ఏళ్ళ తరబడి వదిలేశాను. అది పాకుతూ నల్లగుడ్డు పైపొరని లాగి దాని గుండ్రదనాన్ని మార్చేసింది. ఒక గీత నిలిస్తే ఇంకో గీత నిలవకపోవడం అందుకే. ఏళ్ళ తరబడి ఎండలో ఉండటం దీనికి ముఖ్యమైన కారణం. గాలి, దుమ్ము దానికి తోడవుతాయి.

"ముక్కు వైపే ఎందుకొచ్చింది, ఎండ అటు నుంచి కొట్టదు కదా" అని అడిగాను. ఆయన గది లైటు తీసేసి, చిన్న టార్చి నా కణత పక్కగా పట్టుకుని అద్దం చూసుకోమన్నారు. కంటికి ఒక పక్క వెలుతురు వేస్తే రెండో పక్క, సరిగ్గా ముక్కు వైపు నల్లగుడ్డు అంచు మీద, చిన్న మెరుపుచుక్క కనిపించింది. పక్క నుంచి వచ్చే కాంతిని నల్లగుడ్డు భూతద్దంలా పోగుచేసి ఆ అంచు మీదే పడేస్తుందట. ఇన్నాళ్ళూ నేను పెట్టుకున్న అద్దాలు ఎదుటి ఎండని ఆపాయి సరే, పక్కన జానెడు సందు వదిలేశాయి. ఆ సందులోంచే నా కన్ను కాలింది.

నల్లదనం సంగతికి వస్తే, రంగుకీ యూవీకీ, అంటే ఎండలో ఉండే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలకీ, సంబంధం లేదు. కళ్ళజోళ్ళ షాపుల్లో యూవీ కొలిచే చిన్న మీటరు ఉంటుంది. నా పాత నల్లటి జోడునీ, చదువుకోవడానికి వాడే తెల్లటి పాలీకార్బొనేట్ జోడునీ అందులో పెట్టించాను. తెల్లది యూవీని దాదాపు మొత్తం ఆపేసింది. నల్లది చాలావరకు వదిలేసింది. యూవీని ఆపని నల్లద్దం ఇంకో అపకారం కూడా చేస్తుంది: చీకటిగా ఉందనుకుని కంటిపాప విచ్చుకుంటుంది, దాంతో లోపలికి మరింత యూవీ వెళ్తుంది. అలాంటి అద్దాల కన్నా ఏమీ పెట్టుకోకుండా కళ్ళు చికిలించుకుని తిరగడమే నయం కావచ్చు.

కాబట్టి కొనేటప్పుడు యూవీ 400 అని ఉండాలి. అంటే 400 నానోమీటర్ల దాకా ఉన్న అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుందని. స్టిక్కర్ ఎవరైనా అంటించగలరు, మీటర్లో పెట్టి చూపించమని అడగండి, నిమిషం పట్టదు. కణతల దాకా చుట్టుకుని ఉండే ఫ్రేమ్ తీసుకోండి. పోలరైజ్డ్ అన్నది వేరే గుణం, నీళ్ళ మీద, రోడ్డు మీద మెరుపుని తగ్గిస్తుంది, అంతే. నాకైతే అది పనికి అడ్డం. తల కాస్త వంచితే మిషన్ తెర నల్లగా అయిపోతుంది. మీ ఫోన్ తెరకీ ఆ తంటా రావచ్చు, కొనేముందు ఒకసారి చూసుకోండి. బండి నడుపుతారు కాబట్టి ఇంకోమాట: హెల్మెట్ అద్దం పాలీకార్బొనేట్‌ది అయితే అదీ యూవీని బాగానే ఆపుతుంది. కానీ చాలామందిలా నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుంటే అది కంటికి కాదు, జుట్టుకి కాపలా. నల్ల అద్దాలతో చీకటి పడ్డాక నడపొద్దు.

మిట్టమధ్యాహ్నమే ప్రమాదం అని మనందరి లెక్క. ఒంటికి నిజమే. కంటికి మాత్రం నడినెత్తి సూర్యుణ్ణి కనుబొమల ఎముక కొంత ఆపుతుంది. ఉదయం తొమ్మిదప్పుడు, మధ్యాహ్నం మూడప్పుడు ఏటవాలుగా వచ్చే ఎండ నేరుగా కంట్లోకి దూరుతుంది. పల్చటి మబ్బు ఉన్నా యూవీలో 80 శాతం దాకా కిందికి వస్తుంది. తాజా మంచు కూడా దాదాపు 80 శాతం వెనక్కి కొడుతుంది, అందుకే మంచుకొండలు ఎక్కేవాళ్ళకి కళ్ళు మండి నీళ్ళు కారి చూడలేని స్థితి వస్తుంది. వెల్డింగ్ వెలుగు చూసినవాళ్ళకి రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండేదీ అదే జబ్బు. అది ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. బండి దిగి నడిచేటప్పుడు చుట్టూ అంచున్న టోపీ పెట్టుకోండి, కంటికి చేరే యూవీ సుమారు సగానికి పడిపోతుంది. ముందు మాత్రమే అంచున్న క్యాప్ పక్కల్ని వదిలేస్తుంది, మళ్ళీ ఆ సందు కథే.

ఎండకి చూపు పోతుందా అన్నారు. ఒక్క రోజులో పోవాలంటే సూర్యుణ్ణి కళ్ళప్పగించి చూడాలి, గ్రహణం రోజున జనం చేసేది అదే. కంటి లోపల వెనక ఉండే తెర, రెటీనా, దానికి నొప్పి తెలీదు, కాలుతున్నా కాలినట్టు ఉండదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన అద్దాలు, కూలింగ్ గ్లాసెస్ ఏవీ పనికిరావు, ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణపు అద్దాలే వాడాలి. మామూలు ఎండ అలా కాదు, అప్పులాగా పేరుకుంటుంది. కండ పెరగడం అందులో ఒకటి, శుక్లం ఇంకొకటి. అమెరికాలో చెసపీక్ బే మీద పనిచేసే 838 మంది జాలర్ల కళ్ళు పరీక్షించి 1988లో ఒక అధ్యయనం అచ్చువేశారు. యూవీలో ఒక రకమైన యూవీ-బి ఎక్కువ తగిలినవాళ్ళలో ఒక రకం శుక్లం, కార్టికల్ అంటారు, ఎక్కువగా ఉందని అందులో తేలింది. ఆపరేషన్ చేసి లెన్స్ మారిస్తే శుక్లం పోతుంది. నా కండ కూడా ఆపరేషన్‌తోనే పోయింది. అదే కంటి పైభాగం నుంచి పల్చటి పొర తీసి ఆ ఖాళీలో అతికించారు. వారం రోజులు రెప్ప కొట్టినప్పుడల్లా గరగరలాడింది. మళ్ళీ పెరగొచ్చు అన్నారు కాబట్టి ఇప్పుడు అద్దాలూ టోపీ లేకుండా బయటికి రాను.

పోతే, మీ బ్రాకెట్లో మాట.

కండ చూడ్డానికి వెళ్ళిన రోజే డాక్టరుగారు కంటి ప్రెషర్ కూడా చూశారు. కుడికంటికి 27 ఉంది, సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపలి నరం చూసి, "ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా?" అని అడిగారు. నాన్నకి ఉన్నాయన్నాను. మీలాగే నేనూ అన్నాను, వయసుతో వచ్చిందండీ అని.

తర్వాత ఫీల్డ్ టెస్ట్. ఒక గిన్నెలాంటి దాంట్లో గడ్డం ఆనించి మధ్యలో చుక్కని చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. మొదట్లో టకటకా నొక్కాను. మధ్యలో కొంతసేపు ఏ వెలుగూ రాలేదు. మిషన్ ఆగిపోయిందేమో అని టెస్ట్ చేస్తున్న అమ్మాయిని అడిగాను. "నడుస్తూనే ఉంది సార్, మీరు మధ్యలో చుక్కనే చూడండి" అంది. కాగితం బయటికొచ్చాక అర్థమైంది. వెలుగులు వచ్చాయి. పైభాగంలో ముక్కు వైపు మూల నాకు చూపే లేదు. అక్కడ నల్లమచ్చ కనిపిస్తుందనుకుంటాం కానీ అలాంటిదేమీ ఉండదు, మెదడు చుట్టూ ఉన్నదాంతో ఆ ఖాళీని నింపేస్తుంది. రెండో కన్ను కూడా దాన్ని కప్పేస్తుంది.

నాన్న మెట్లు దిగేటప్పుడు కాలితో తడుముకునేవారు. పక్క నుంచి మంచినీళ్ళ గ్లాసు ఇస్తే ఉలిక్కిపడేవారు. పెద్దతనం అనుకున్నాం. ఆయన ఎదురుగా ఉన్న పేపరు చివరిదాకా చదివారు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా, రెండోది చాలావరకు అయిపోయాయి. నీటికాసుల్లో పోయిన చూపు ఏ మందుకీ, ఏ ఆపరేషన్‌కీ తిరిగిరాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే. దీనికి ఎండ కారణం కాదు, కాబట్టి ఎంత మంచి అద్దాలు కొన్నా దీన్నుంచి కాపాడవు. వయసుతో ఎక్కువవుతుంది, నిజమే. కానీ అమ్మకో నాన్నకో, తోబుట్టువుకో ఉంటే మనకి వచ్చే అవకాశం మామూలువాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ. నాన్న జబ్బుని కనిపెట్టిన డాక్టరు పిల్లల్ని పరీక్ష చేయించుకోమని ఒక్కమాట చెప్పలేదన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. మేమూ అడగలేదు.

ఇందులో నా తప్పు ఇంకొకటి ఉంది. కన్ను ఎర్రబడినప్పుడల్లా మందుల షాపులో అడిగి ఒక చుక్కల మందు తెచ్చుకుని నెలల తరబడి వేసుకున్నాను, వేస్తే ఎరుపు ఇట్టే పోయేది. అది స్టెరాయిడ్. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటివి సీసా మీద ఉంటే అవే. కొందరిలో ఇవి కంటి ప్రెషర్‌ని పెంచేస్తాయి, ఎక్కువకాలం వాడితే శుక్లం కూడా తెస్తాయి. మంచి మందులే, ఆపరేషన్ తర్వాత నాకు వాటినే రాశారు. కాకపోతే వెళ్ళినప్పుడల్లా ప్రెషర్ కొలిచి మోతాదు తగ్గిస్తూ వచ్చారు. ఎండకి మీ కళ్ళు ఎర్రబడుతుంటాయి కాబట్టి చెప్తున్నాను, చేతిలో ఉన్న సీసా ఒకసారి తిప్పి చదవండి.

ప్రపంచంలో చూపు లోపం ఉన్నవాళ్ళు కనీసం 220 కోట్ల మంది అనీ, అందులో కనీసం 100 కోట్ల మందిది నివారించగలిగినదో, ఇంకా చికిత్స అందనిదో అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్క చెప్పింది. నాన్న ఆ లెక్కలో ఉంటారు. నేను అంచు దాకా వెళ్ళి ఆగాను. రాత్రి పడుకునే ముందు ఒక చుక్క వేసుకుని, కళ్ళు మూసి ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు వేలితో నొక్కి పెడతాను, మందు గొంతులోకి జారిపోకుండా. నాలుగేళ్ళుగా ఫీల్డ్ టెస్ట్ కాగితం మారలేదు.

మీరు వెళ్ళినప్పుడు "అద్దాల నంబరు చూడండి" అని మాత్రమే అనకండి, ఆ పరీక్షలో ఇది బయటపడదు. అమ్మకి నీటికాసులు ఉన్నాయని ముందే చెప్పి మూడు అడగండి: ప్రెషర్ కొలవడం, చుక్కలు వేసి నరం చూడటం, ఫీల్డ్ టెస్ట్. ప్రెషర్ మామూలుగా ఉన్నా నరం దెబ్బతినే రకం ఉంది, అందుకే ఒక్కదాంతో సరిపెట్టుకోవద్దు. షుగర్ ఉంటే రెటీనా కోసం ఏటా ఎలాగూ వెళ్ళాలి. కంట్లో ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన, పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు పరుగెత్తండి, రెటీనా ఊడుతుండొచ్చు.

తమ్ముణ్ణీ వెంటబెట్టుకెళ్ళండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు అంతా మసకగా ఉంటుంది, వెలుతురు చూడలేరు. ఇద్దరూ ఒకేరోజు వేయించుకుంటే ఇంటికి బండి నడపడానికి మూడో మనిషిని చూసుకోండి.