"డీల్ టేబుల్" అంటే బేరాల బల్ల కాదు

పాత ఇంగ్లీషు నవలల్లో వంటింట్లో కనిపించే "డీల్ టేబుల్" ఏమిటి, బేరానికీ దానికీ సంబంధం ఉందా అని అడిగారు. లేదు. అది డీల్ అనే చవక చెక్క పలకలతో చేసిన బల్ల. బేరం అనే డీల్ పాత ఇంగ్లీషులో వాటా, పంపకం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. చెక్క డీల్ మాత్రం కలప వ్యాపారంతో పాటు ఇంగ్లండుకు చేరిన "లో జర్మన్" (ఉత్తర జర్మనీ వైపు భాష) మాట. అక్కడ "డేలె" అంటే పలక.

డీల్ అంటే పైన్ చెట్టు అని ఒక్క ముక్కలో తేల్చేసే నిఘంటువులు పాఠకుడికి అన్యాయం చేస్తున్నాయి. అది ముందు కోత కొలత, ఆ తర్వాతే కలప పేరు. వ్యాపారుల లెక్కలో మామూలుగా 9 అంగుళాల వెడల్పు, 3 అంగుళాలు మించని మందం, కనీసం 6 అడుగుల పొడవు ఉంటే డీల్. 7 అంగుళాల వెడల్పుదైతే బ్యాటెన్, 11 అంగుళాలదైతే ప్లాంక్. అమ్మకం పీటర్స్‌బర్గ్ స్టాండర్డ్ అనే కొలతలో సాగేది: 12 అడుగుల పొడవు, 11 అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం గల పలకలు 120, అంటే 165 ఘనపుటడుగులు. లండన్ సర్రే డాక్స్ రేవులో ఈ పలకలు మోసే కూలీలను డీల్ పోర్టర్లనేవారు. పలక ఊగుతూ భుజాన్ని, మెడను ఒరుసుకుపోకుండా వెనక్కి వేలాడే తోలు టోపీ పెట్టుకునేవారు. ఎంత నేర్పు కావాలో ఊహించండి!

ఎర్ర డీల్ స్కాట్స్ పైన్, తెల్ల డీల్ నార్వే స్ప్రూస్. పైన్‌లో చేవ (మాను నడిమి చెక్క) ఎర్రగా విడిగా కనబడుతుంది. స్ప్రూస్‌లో చేవకూ బయటి చెక్కకూ రంగు తేడా తెలియదు, చిన్న గట్టి ముడులుంటాయి.

చవక చెక్క కాబట్టి బల్ల కాళ్లకు రంగేసి, పై పలకను మాత్రం వట్టిగా వదిలి రోజూ తోమేవారు. రంగు వేసేటప్పుడు ముడుల మీద ముందుగా లక్కపూత రెండుసార్లు పలచగా వేయాలి. వేయకపోతే జిగురు ఊరి, తెల్లరంగు మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. ఎన్ని పూతలు పైన వేసినా ఆ మచ్చ మళ్లీ వస్తుంది. ఈ రోజుల్లో పాత రంగు పోగొట్టడానికి సామాన్లను కాస్టిక్ సోడా తొట్టెలో ముంచి "పైన్" పేరుతో అమ్ముతున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. సోడాకు అతుకుల్లోని సరేసు (అంటించే జిగురు) కరిగి కీళ్లు వదులవుతాయి, నారలు లేచి పైభాగం నూగులా తయారవుతుంది. రంగు తీయాల్సిందేనంటే వేడిగాలితో మెత్తబరిచి గీకండి.