వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ కోర్సుకి రెండున్నర లక్షల లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: సివిల్ డిప్లొమా చేశాను, వయసు 29. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో సైట్ సూపర్‌వైజర్‌ని. జీతం 28 వేలు, ఇంటి ఖర్చు 22 వేలు. పర్సనల్ లోన్ తీసుకుని వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ కోర్సు చేస్తే గల్ఫ్‌లో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే పని నాణ్యత చూసే) ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చేరమంటారా?

జవాబు: వద్దండీ. ఇన్‌స్పెక్టర్ అవ్వాలన్న ఆలోచన మంచిదే, కానీ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్లు ఎక్కువగా కావాల్సింది రిఫైనరీలకి, పైపులైన్లకి, స్టీల్ ఫ్యాబ్రికేషన్‌కి. మీరు ఇన్నాళ్లూ నేర్చుకున్నది కాంక్రీటు పని. సీడబ్ల్యూఐ (సర్టిఫైడ్ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్) లాంటి పేరున్న సర్టిఫికెట్ కావాలంటే వెల్డింగ్‌లో అనుభవం చూపించాలి, అది మీ దగ్గర లేదు.

లోన్ సంగతి చూడండి. 14 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు ఎనిమిదిన్నర వేలు. మీకు మిగిలేదే ఆరు వేలు.

మీ లైన్‌లోనే క్యూసీకి మంచి అవకాశం ఉంది. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాట్ అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడి కొన్నవాళ్లు చెబితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగు చేయాలి, అందుకే రేపు చూపించడానికి రికార్డు పక్కాగా రాసే మనిషి వాళ్లకి కావాలి. స్లాబ్ వేసేముందు స్టీలు, కవర్ బ్లాకులు (స్టీలు కింద పెట్టే దిమ్మెలు) చెక్ చేయడం, స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో) చూడడం, క్యూబులు (కాంక్రీటు శాంపిల్ దిమ్మెలు) తీసి 7 రోజులకి, 28 రోజులకి టెస్ట్ చేయించి రిజిస్టర్‌లో ఎక్కించడం, ఇవన్నీ మీ సైట్‌లో రోజూ జరిగేవే. మీ క్యూసీ ఇంజినీర్‌ని అడిగి ఆ పనిలో చేరిపోండి. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456, అది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కూర్చుని చదవండి. ఏడాది, ఏడాదిన్నర ఈ పని చేశాక థర్డ్ పార్టీ క్వాలిటీ ఏజెన్సీలకి, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీలకి అప్లై చేయండి, అక్కడ ఇంటర్వ్యూలో అడిగేది సైట్‌లో మీరేం చెక్ చేశారనే. డిప్లొమాతో ప్రభుత్వ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పోస్టులకి కూడా అర్హత ఉంటుంది, నోటిఫికేషన్ వస్తే రాయండి, కానీ దానికోసం ఉన్న ఉద్యోగం మానేయకండి.

ఈ రంగంలో అమ్మకాలు తగ్గితే ముందు ఆగేది సైట్ స్టాఫ్ జీతాలే. కాబట్టి ఆ ఆరు వేలు నెలనెలా ఆర్డీలో వేయండి, 22 నెలల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,32,000 చేతిలో ఉంటుంది. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే మాత్రం ఆర్డీ కాస్త తగ్గించి అయినా ముందు ఒక పాలసీ తీసుకోండి.

గల్ఫ్‌కి తర్వాతైనా వెళ్లొచ్చు. అప్పుడు ఈ-మైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పోర్టల్) రిజిస్టరైన ఏజెంట్ ద్వారానే వెళ్లండి. వాళ్లు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్‌టీ, అంతే. రసీదు తప్పకుండా అడగండి. ఇప్పుడు గ్యారంటీ అంటున్నవాళ్లని కూడా ఏ కంపెనీ, ఏ పోస్టు, జీతం ఎంత అని కాగితం మీద రాసిమ్మనండి.