‘ఎ.ఐ.’ సినిమా సముద్రం అడుగునే ఆగిపోవాల్సిందా?

అందరూ పెదవి విరిచినా మీరు మాత్రం వెనకేసుకొచ్చే సైన్స్ ఫిక్షన్ సినిమా ఏదని అడిగారు. నాకు స్పీల్‌బర్గ్ 2001లో తీసిన ‘ఎ.ఐ. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’. ముగింపు చెప్పకుండా దీని తరఫున వాదించడం కుదరదు కాబట్టి, చూడనివాళ్లు ముందు చూసి రండి.

మొదటిసారి చూసినప్పుడు నేనూ తిట్టాను. కాలేజీ రోజులు, పక్కన ముగ్గురు స్నేహితులు. డేవిడ్ అనే రోబో పిల్లాడు సముద్రం అడుగున, పినోకియో కథలో చెక్కబొమ్మని నిజం అబ్బాయిగా మార్చే నీలిదేవత బొమ్మ ముందు కూర్చుని, నన్ను నిజం అబ్బాయిని చెయ్యమని వేడుకుంటూ ఉంటాడు. ఇక్కడ ఆపేసుంటే ఎంత బాగుండేది అనుకున్నాం. కానీ ఆపలేదు. రెండు వేల ఏళ్లు గడిచాయి, సన్నగా పొడుగ్గా ఎవరో వచ్చారు. ‘ఇప్పుడు గ్రహాంతరవాసులు కూడానా!’ అని మాలో ఒకడు అనగానే గది గదంతా నవ్వులు.

వాళ్లు గ్రహాంతరవాసులు కారు. మనుషులు పోయాక మిగిలిన రోబోల వారసులు. మనుషుల్ని కళ్లారా చూసిన డేవిడ్ అంటే వాళ్లకి ఎక్కడలేని అపురూపం. ఇది పట్టుకోలేక సినిమాని కొట్టిపారేసినవాళ్లు మేమొక్కళ్లమే కాదు.

ఇంకో ఆరోపణ, దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ తీసుంటే చివర్లో ఇంత పాకం పోసేవాడు కాదని. 1999లో చనిపోయేదాకా ఏళ్ల తరబడి ఈ కథ మీద పనిచేసింది ఆయనే. ఆ ముగింపు క్యూబ్రిక్‌దేనని, జనం ముందు రోబోల్ని ముక్కలు చేసే జాతర లాంటి కర్కశమైన భాగాలే తనవని స్పీల్‌బర్గ్ తర్వాత చెప్పాడు. అయినా ఎవరిదైతే ఏంటి, నాకు అందులో పాకమే కనబడదు.

ఎందుకో చెప్తాను. డేవిడ్ ముందు ఏడు మాటలు వరసగా చదవాలి. సిరస్, సోక్రటీస్ అంటూ మొదలై తులిప్‌తో ముగుస్తాయి. చదివినవాళ్లని ఆ పిల్లాడు ఇక ఎప్పటికీ ప్రేమిస్తాడు, మార్చడం ఎవరివల్లా కాదు. వద్దనుకుంటే తయారుచేసిన కంపెనీకి తిరిగిచ్చి నాశనం చేయించడమే. డేవిడ్‌ని పెంచుకునే తల్లి మోనికా ఆ మాటలు చదువుతుంది. జబ్బు చేసి కృత్రిమ నిద్రలో ఉంచిన సొంత కొడుకు కోలుకుని ఇంటికొచ్చాక గొడవలు ముదురుతాయి. నాశనం చేయించడానికి మనసొప్పక డేవిడ్‌ని అడవిలో వదిలేసి కారెక్కుతుంది. వాడి ప్రేమ నిజమా కాదా అని మనం తర్కించుకుంటాం కానీ, సినిమా మొదట్లోనే ఒకామె అసలు విషయం అడుగుతుంది: వాడు ప్రేమిస్తే సరే, తిరిగి వాడిపట్ల ఆ మనిషి బాధ్యత ఏమిటి?

రెండోసారి చూసింది మా అమ్మ పోయిన ఏడాది. నిద్రపట్టక, ఏదో ఒకటని పెట్టుకున్నాను. చివర్లో, దాచి ఉంచిన నాలుగు వెంట్రుకల నుంచి ఆ రోబోల వారసులు మోనికాని మళ్లీ పుట్టిస్తారు. ఒక్క రోజే బతుకుతుంది, నిద్రపోతే ఇక లేవదు. డేవిడ్ కాఫీ కలిపిస్తాడు, దాగుడుమూతలు ఆడుకుంటారు, కేక్ కోస్తారు. ఆమెకి మొగుడు గుర్తుకు రాడు, కన్నకొడుకు గుర్తుకు రాడు. నువ్వంటే నాకెప్పుడూ ప్రేమేనని చెప్పి కళ్లు మూస్తుంది. మొదట ఏడ్చాను. తర్వాత ఎందుకో గుండె జారినట్టయింది. ఒకప్పుడు ఆమె కోసం వాడిని తయారుచేశారు, ఇప్పుడు వాడి కోసం ఆమెని తయారుచేశారు. మంచం మీదున్న ఇద్దరిలో కృత్రిమం ఎవరు?

మా అమ్మ ఒక్కరోజుకి తిరిగొస్తే మధ్యాహ్నంలోపు నాలుగుసార్లు తిట్టేది. ఇంత బక్కచిక్కావేంట్రా, పక్క ఎందుకు మడతపెట్టలేదు అని. నన్ను ప్రేమించడం తప్ప ఇంకే ధ్యాసా లేని అమ్మని ఎవరైనా తెచ్చిస్తే నేను వద్దంటానా? ఆ రాత్రి అయితే అనేవాణ్ని కాదు, ఒట్టు.

సినిమాలో లోపాలు లేవనను. నడిమి భాగంలో, ఆ నియాన్ దీపాల ఊరు వచ్చాక నేనూ గడియారం చూశాను. కానీ డేవిడ్‌గా చేసిన హేలీ జోయెల్ ఆస్మెంట్ రెప్ప వేయకుండా చూసే చూపు కోసమైనా అదంతా భరించొచ్చు.

అన్నట్టు, ఆ వెంట్రుకలు అన్నేళ్లు దాచింది డేవిడ్ కాదు, టెడ్డీ అనే బొమ్మ ఎలుగుబంటి. ఆఖరి షాట్‌లో వాళ్లిద్దరూ పడుకుని ఉంటే అది మంచం ఎక్కి పక్కన కూర్చుంటుంది. మూడోసారి చూసినప్పుడు నా కళ్లు దాని మీదే ఉన్నాయి.