సంతోషం వస్తే భయం వేస్తోందా?

చిన్నప్పుడు ఇంట్లో తిన్న దెబ్బలు, విన్న తిట్లు అన్నీ దాటి వచ్చినా, ఇప్పుడు కాస్త ఆనందంగా అనిపించగానే ఏదో చెడు జరగబోతోందని గుండె దడ మొదలవుతోందని మీరు రాశారు. అది మీ పిరికితనం కాదండీ. ఎప్పుడు ఏ గొడవ లేస్తుందో తెలియని ఇంట్లో పిల్లల మెదడు నిత్యం కాపలా కాయడం నేర్చుకుంటుంది. ప్రమాదం పోయినా ఆ అలవాటు వెంటనే పోదు. అందుకే అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడే మీకు టెన్షన్.

ఒకేసారి పెద్ద సంతోషం కోసం వెతక్కండి. ఇష్టమైన పాట ఒకటి, కాసేపు నడక చాలు. దడ వస్తే దానితో పోట్లాడకుండా, పాదాలు నేలకు ఆనించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ "ఇది పాత భయం, ఇప్పుడు నాకేం కాదు" అనుకోండి. మొదట్లో చాదస్తంగానే ఉంటుంది, ఉండనివ్వండి.

"క్షమించేసి మర్చిపో" అనేవాళ్లను పట్టించుకోకండి. క్షమించకుండా కూడా కోలుకోవచ్చు.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని సైకాలజిస్టు ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. కష్టాల్లో పెరిగి, టీనేజీలో దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైలకు వచ్చేసరికి కుదురుకున్నారు. నమ్మకమైన మనిషి తోడు అందులో పెద్ద పాత్ర పోషించింది. మీకు అలాంటివాళ్లు ఒక్కరున్నా ఈ దడ గురించి చెప్పండి.

పీడకలలు, పాత దృశ్యాలు వెంటాడుతుంటే ట్రామా (మానసిక గాయం) చికిత్సలో శిక్షణ ఉన్న సైకాలజిస్టును కలవండి. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాల బాధను తగ్గించే ఈఎండీఆర్ అనే పద్ధతిలో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. బతకాలనిపించని ఆలోచనలు వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఎవరికైనా చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.