ఇంటర్ అయ్యాక ఇంట్లో పుస్తకం పట్టలేకపోతుంటే

తమ్ముడూ, రెండేళ్లు హాస్టల్లో రోజంతా చదివినవాణ్ణి ఇప్పుడు ఇంట్లో అరగంట కూర్చోలేకపోతున్నాను, బీటెక్‌లో చేరేలోపు ఈ బద్ధకం పోయేదెలా అని అడిగావు. అది బద్ధకమని నేననుకోను. నేనూ నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలోనే ఇంటర్ చదివాను. బెల్లు కొడితే లేచాం, స్టడీ అవర్లో సార్ తిరుగుతుంటే చదివాం. ఇంటికొచ్చాక బెల్లు లేదు, దాంతో చదువూ లేదు.

మాది కొండపి దగ్గర పల్లె. పరీక్షలయ్యాక ఆఖరి కోతల పొగాకు బ్యారన్‌లో, అంటే మంట వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, పెట్టినప్పుడు రాత్రి కాపలా నాన్న నాకు అప్పగించారు. ఆకు పసుపు తిరిగేదాకా వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూగా నిలపాలి. తర్వాత మెల్లగా పెంచుకుంటూ, చివర్లో ఈనె ఆరడానికి 160 దాకా తీసుకెళ్లాలి. తొందరపడి మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, వేలంలో రేటు పడిపోతుంది.

రెండో రాత్రి ఒకటిన్నరకు కట్టెలు ఎక్కువ వేసి నిద్రపోయాను. తెల్లారి నాన్న టార్చ్ వేసి చూస్తే, వేడి పారే గొట్టాలకు దగ్గరగా, కింది వరస కర్రలకు కట్టిన ఆకు పచ్చ తేలి ఉంది. ఆయన తిట్టలేదు. గోడ మీద సుద్దముక్కతో గంటగంటకూ టైము, వేడి రాసే చోటు చూపించారు. ఒకటిన్నర తర్వాత అంతా ఖాళీ. అది చూసి పడ్డ బాధ ఏ సార్ కొట్టినా పడలేదు.

ఆ గోడ లెక్కనే చదువుకు తెచ్చుకున్నాను. నోట్‌బుక్ చివరి పేజీలో ఎన్నింటికి కూర్చున్నాను, ఎన్నింటికి లేచాను, అంతే రాశాను. రేపు ఇంత చదవాలని టైంటేబుల్ వేసుకుంటే రెండో రోజుకే టెన్షన్. మొదటి వారం 20 నిమిషాలు దాటలేదు. ఫోన్ అమ్మకిచ్చి, పొద్దున్నే ఒకే టైముకు కూర్చోగా కూర్చోగా జూన్ నాటికి గంటన్నర కుదిరింది. ఇంటిగ్రేషన్, మాట్రిసెస్ మళ్లీ చెయ్యి, మొదటి ఏడాది లెక్కలకు పనికొస్తాయి.

అంతకన్నా ముఖ్యం, ఇంట్లో ఒక పని పూర్తిగా నీ మీద వేసుకో. గేదెకు మేత వెయ్యడమో, చెల్లికి లెక్కలు చెప్పడమో, నువ్వు చెయ్యకపోతే ఆగిపోయే పని అయ్యుండాలి. ఎవరో పిలిస్తే వెళ్లి సాయం చెయ్యడం దీని కిందకు రాదు.

కాలేజీలో 75 శాతం అటెండెన్స్ ఉందా అని చూస్తారు గానీ రాత్రి చదివావా అని ఎవరూ అడగరు. నాతో చేరినవాళ్లలో మంచి ర్యాంకులొచ్చిన పిల్లలే మొదటి సెమిస్టర్లో బ్యాక్‌లాగ్‌లు పెట్టుకున్నారు. చూసి ఎంతో బాధపడ్డాను.

ఒక రోజు తప్పితే ఆ గడి ఖాళీగా వదిలెయ్యి. మర్నాడు రెండింతలు చదివి పూడ్చాలని చూడకు. నా నోట్‌బుక్‌లో ఆ వేసవివి పదకొండు గడులు ఖాళీగానే ఉన్నాయి.