నాలుగు వందల యాభై రూపాయల తేడా

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. బ్యాంకులో మీ నాన్నగారి తొలి ఉద్యోగం రోజుల్ని ఆయన గొంతుతోనే చెప్పావు. రిటైరయ్యాక కూడా నోట్లు లెక్కపెట్టేముందు ఆయన బొటనవేలు తడి స్పాంజి కోసం పక్కకి వెళ్తుందని రాశావే, ఆ వాక్యం వల్లే ఈ ఉత్తరం. మిగతా పన్నెండు పేజీల్లో ఆ వేలు మళ్ళీ కనబడలేదు. "ఆ రోజులే వేరు" అన్న మాట మాత్రం ఏడుసార్లు కనబడింది.

ముందు ఒక తప్పు దిద్దుకో. 1979లో కౌంటరు మీద ఐదువందల నోట్లు పెట్టావు. 500 నోటు వచ్చింది 1987లో. 1978 జనవరిలో వెయ్యి, ఐదువేలు, పదివేల నోట్లు రద్దయ్యాక వందే పెద్ద నోటు. లక్ష రూపాయలంటే వంద నోట్ల ప్యాకెట్లు పది, ఒక బండిల్. ప్రతి ప్యాకెట్‌కీ తీగ పిన్ను, పైన స్లిప్పు, దాని మీద లెక్కపెట్టినవాళ్ల పొట్టి సంతకం. పిన్ను లాగేటప్పుడు తొందరపడితే నోటు చిరుగుతుంది. పిన్నులు కొట్టడం మానమని రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పింది 2001లో. అంటే మీ నాన్నగారి వేళ్లకి తడి స్పాంజితో పాటు పిన్ను గాట్లూ తెలుసు. అడిగావా?

"టోకెన్ ఇచ్చి డబ్బు తీసుకున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. చెక్కు ఇస్తే నంబరున్న ఇత్తడి టోకెన్ ఇచ్చేవారు. అది చేతిలో పడ్డాక డబ్బు అందేలోపు జరిగేదంతా కథే. అప్పటి పద్ధతి ఇది: చెక్కు, ఖాతాల పుస్తకం అంటే లెడ్జర్ చూసే క్లర్కు దగ్గరికి పోతుంది. అతను ఆ ఖాతాదారు పేజీ, అంటే ఫోలియో తీసి, నిల్వ చూసి, లెడ్జర్లో ఖర్చు రాస్తాడు. ఆఫీసరు చెక్కు మీది సంతకాన్ని, ఖాతాదారు నమూనా సంతకం ఉన్న స్పెసిమెన్ కార్డుతో పోల్చి పాస్ చేస్తాడు. అక్కణ్ణించి అటెండరు క్యాషియర్‌కి చేరుస్తాడు. పాసైన చెక్కు మళ్ళీ ఖాతాదారు చేతికి పోకూడదు, అదీ నియమం. క్యాషియర్ నంబరు పిలిచి, టోకెన్ వెనక్కి తీసుకుని, చెక్కు వెనక సంతకం పెట్టించుకుని డబ్బిస్తాడు. సాయంత్రం టోకెన్లు లెక్కపెట్టి పెట్టెలో వేస్తారు. ఒకటి తగ్గితే రిజిస్టర్లోకెక్కాల్సిందే.

ఇక నన్ను చిరాకుపెట్టిన పేజీ. "సేవింగ్స్ బ్యాలెన్సింగులో 450 రూపాయల తేడా వచ్చింది. రాత్రి పదింటిదాకా వెతికాం. చివరికి దొరికింది" అన్నావు. వెంటనే వాన, టీ, స్నేహితుడి పాట. అమ్మా, ఎలా దొరికింది? ఎవరికి దొరికింది? నీ కథ మొత్తానికి ప్రాణం అక్కడుంది, నువ్వు దాన్ని దాటి వానలోకి వెళ్లిపోయావు.

బ్యాలెన్సింగ్ అంటే ఫోలియోల్లోని నిల్వలన్నీ కూడి, మొత్తాలు మాత్రమే ఉండే జనరల్ లెడ్జర్ అంకెతో సరిచూడడం. అక్కడ 450 తేడా. 450 తొమ్మిదితో పోతుంది. తొమ్మిదితో పోయిందంటే ముందు అంకెల తారుమారుని అనుమానించాలి. భాగిస్తే 50. అంటే వందలు, పదుల స్థానాల్లో, మధ్య 5 తేడా ఉన్న అంకెలు అటూ ఇటూ అయ్యాయి: 830 బదులు 380, 720 బదులు 270, 610 బదులు 160. కళ్లు వాటినే వెతకాలి. లేదా సున్న జారింది, 500ని 50 అని వేశారు. అదీ కాదంటే సగం చెయ్యాలి: 225. జమ చేయాల్సిన 225ని ఖర్చు వైపు వేస్తే తేడా రెట్టింపై 450 అవుతుంది. అప్పుడు గత బ్యాలెన్సింగ్ నుంచి ఓచర్లన్నీ, అంటే జమ, ఖర్చు చీటీలన్నీ తీసి 225 ఎక్కడుందో చూడాలి. ఇవేవీ కాకపోతే పేజీ మారినప్పుడు నిల్వ సరిగ్గా దించారా అని చూడాలి. ఒకరు చదువుతుంటే ఒకరు టిక్కు పెడతారు. మనుషుల మధ్య చనువు, కోపం, అనుమానం పుట్టేది అక్కడే, టీ కొట్టు దగ్గర కాదు.

ఇంకొకటి. ఒకరి జమ అదే లెడ్జర్లో ఇంకొకరి ఫోలియోలో పడితే బ్యాలెన్సింగులో తేడా రాదు. అంతా టాలీ అవుతుంది. ఖాతాదారు పాసుబుక్కు తెచ్చినరోజు బయటపడుతుంది. లెక్క సరిపోయిందని ఇంటికెళ్లిన కుర్రాడికి నెల తర్వాత ఆ పాసుబుక్కు ఎదురైతే ఎలా ఉంటుందో రాయి.

పదో తారీఖున జనం కిటకిటలాడారన్నావు, కారణం చెప్పలేదు. అప్పట్లో సేవింగ్స్ వడ్డీ, పదో తారీఖు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీద. పదకొండున కట్టిన డబ్బుకి ఆ నెల వడ్డీ లేదు. ఆ ఒక్క వాక్యం వేస్తే చాలు, క్యూలో నిలబడ్డ మనిషి ఆత్రం తెలుస్తుంది. 2010 ఏప్రిల్ నుంచి వడ్డీ రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు, ఆ క్యూకి ఆ కారణం పోయింది.

ఇదంతా రాస్తే సంపాదకులు "పాఠకుడికి ఈ లెక్కలెందుకు" అని కొట్టేస్తారు. కొట్టేసిన చోట ఒక వాన పెట్టమంటారు. ఏళ్లుగా చూస్తున్నాను, నాగలి పట్టడం తెలియని రైతు కథలూ మగ్గం గుంట చూడని నేతగాడి కథలూ అలాగే అచ్చవుతున్నాయి. ఒప్పుకోకు. పని తెలియకుండా ఆ పని చేసిన మనిషి మీద బెంగ పుట్టదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, పేరు మార్చాలా అనీ అడిగావు. ఇప్పుడు కాదు. ఈ ఆదివారం నాన్నగారి ముందు ఒక తెల్లకాగితం పెట్టి, ఆ రాత్రి తేడా ఏ అంకెలో దొరికిందో రాసి చూపించమను. ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ పేజీ ఒక్కటి తిరగరాసి పంపు.